పాతబస్తీలో మాకూ నలుగురు

తాండాలో మనిషి పోతే ఎవరినీ పిలవాల్సిన పని లేదు. ఒక ఇంట్లో ఏడుపు లేస్తే చాలు, నాయక్ వస్తాడు, కార్బారీ వస్తాడు, ఇంటింటి నుంచి కట్టె వస్తుంది. పెళ్లయిన మనిషినైతే కాలుస్తాం, పెళ్లికాని వాళ్లనైతే పూడ్చిపెడతాం. పక్క తాండాలకు కబురు ఎవరు మోయాలి, ఆ ఇంటి పిల్లలకు ఆ పూట రొట్టె ఎవరు పెట్టాలి అనేది ఏ కాగితం మీదా రాసి ఉండదు. అయినా ఏ పనీ ఆగదు.

మూసీ దాటి పాతబస్తీకి వచ్చాక మాకు తెలిసివచ్చిన సంగతి ఒకటుంది. ఇక్కడ మనిషి పోతే పిలవాలి. పిలవడానికి మన దగ్గర కొన్ని పేర్లు ఉండాలి. మాకు ఆ పేర్లు లేవు.

2013 ఆగస్టులో ఒక రాత్రి మా కాకా పోయాడు. కాకా అంటే మాలో ఎవరికీ సొంత చిన్నాన్న కాదు. మా అందరికంటే ముందు ఈ బస్తీకి వచ్చినవాడు. ఫలక్‌నుమా రైల్వే స్టేషన్ అవతల గల్లీలో మా కుటుంబాలన్నిటికీ కిరాయి గదులు ఇప్పించింది ఆయనే. సెంట్రింగ్ పనికి పోయేవాడు. రెండు రోజులు జ్వరమని పడుకున్నాడు, మూడో రాత్రి ఊపిరి ఆగింది. బయట వాన. ఇంటి ఓనరు మెట్ల మీదే నిలబడి, కిరాయి ఇంట్లో శవం ఉంచనివ్వం, తెల్లారేలోపు తీసుకుపొమ్మన్నాడు.

మా ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. మాకు ఆ ఏడుపే కబురు. ఆ రాత్రి కాకీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఓనరు వింటాడని భయం. కాకా పోవడం ఒక దుఃఖం. ఆయన కోసం గట్టిగా ఏడవలేకపోవడం ఇంకో దుఃఖం. ఈ రెండోదే మమ్మల్ని ఎక్కువ కాలం బాధపెట్టింది.

ఎదురింటి ఖాలా తలుపు తీసుకుని వచ్చింది. చీరల మీద జరీ పని చేసుకునే మనిషి. మాతో అంతకుముందు పెద్దగా మాటల్లేవు, నల్లా దగ్గర బిందెల కోసం తగువు తప్ప. ఆమె తన కొడుకును మసీదు కమిటీ దగ్గరికి పరుగెత్తించింది. అరగంటలో నలుగురు పిల్లలు ఫ్రీజర్ బాక్సు మోసుకొచ్చారు. గల్లీ చివర బోనాల కమిటీ వాళ్ల గదిలో షామియానా, కుర్చీలు ఉంటాయి. ఆ పిల్లలే వాళ్లనూ లేపారు. ఓనరు గుమ్మం ముందు గల్లీలో టెంటు లేచింది. బాక్సు దాని కింద పెట్టారు. ఇక ఓనరు ఏమీ అనలేదు.

మా తాండా దేవరకొండ అవతల ఉంది. వ్యాను కావాలి. కమిటీ పెద్దాయన వ్యాను మాట్లాడాడు, డీజిలుకు ఇస్తే చాలన్నాడు. తర్వాత ఒక పొడుగాటి రిజిస్టరు తీసి రాయడం మొదలుపెట్టాడు. చనిపోయిన మనిషి పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు. చివర ఒక గడి ఉంది, ‘జిమ్మేదార్’ అని. బాక్సు తిరిగి వచ్చేదాకా, వ్యాను లెక్క తేలేదాకా పూచీ పడే మనిషి.

“తుమారే లోగాఁ కౌన్ హై యహాఁ?” అని అడిగాడు. ఇక్కడ మీ వాళ్లెవరున్నారు, మీ సంఘం ఏది అని. ఆయన తప్పుగా అడగలేదు. ఆ బస్తీలో ప్రతివాళ్లకూ ఒక జవాబు ఉంది, అందుకే అడిగాడు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పదకొండు కుటుంబాలున్నాయి. అందరివీ అడ్డా కూలీ బతుకులే. ఎవరు ఎన్నాళ్లు ఉంటారో, ఏ గదికి మారతారో తెలియదు. చివరికి ఖాలాయే తన పేరు రాయమంది. కాకా చావుకు జిమ్మేదార్‌గా ఆ రిజిస్టరులో మా కులం కాని, మా మతం కాని, మా ఊరు కాని ఒక ఆడమనిషి పేరు ఉంది. ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

మేం ఎవరమో చెప్పాలి కదా. మేం లంబాడీలం. మా మాటలో మేం గోర్‌లం, బయటివాళ్లు కోర్‌లు. మా ముత్తాతలు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశమంతా తిరిగారు. దక్కన్‌లో నడిచిన సైన్యాలకు తిండి మోసింది వాళ్లే. ఇదే నగరంలో బంజారాహిల్స్ అనే పేరు మా పేరే. ఆ గుట్టల మీద ఇప్పుడు మా తాండాలు లేవు, పేరు ఉంది. 2022 సెప్టెంబరు 17న అక్కడే కుమురం భీమ్ ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ తెరిచారు. అవి తెరవడం మాకు సంతోషమే. కానీ ఫలక్‌నుమా గల్లీలో రాత్రి రెండు గంటలకు మనిషి పోతే, బంజారాహిల్స్ భవనం దూరం.

తెలంగాణ ప్రాంతంలో మేం షెడ్యూల్డు తెగల జాబితాలోకి వచ్చింది 1976 చట్టంతో. అదే గోర్ బోలి మాట్లాడే మా బంధువులు కర్ణాటకలో షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నారు, మహారాష్ట్రలో విముక్త, సంచార జాతుల జాబితాలో ఉన్నారు. ఒకే దేవత, ఒకే పాట, మూడు రాష్ట్రాల్లో మూడు జాబితాలు. ఇది ఎందుకు చెబుతున్నామంటే, మనం ఎవరమన్నది ప్రభుత్వం రాసే కాగితాన్ని బట్టి మారుతుంది. మనం రాసుకునే కాగితం కూడా ఒకటి ఉండాలి.

తాండాలో మాకు సంఘం లేకపోలేదు. నాయక్, కార్బారీ, డావ్ ముగ్గురూ ఉంటారు. తగువు వస్తే నసాబ్ కూర్చుంటుంది. పెళ్లి, విడాకులు, పొలం గట్టు, దొంగతనం అన్నీ అక్కడే తేలేవి. అది మంచిదే అని పూర్తిగా అనం, ఎందుకంటే నసాబ్‌లో ఆడవాళ్లు కూర్చోవడం మేం చూడలేదు. అయినా అది ఉంది. 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టంతో రాష్ట్రంలో వెయ్యికి పైగా తాండాలు, గూడేలు పంచాయతీలు అయ్యాయి. మా వాళ్లు సర్పంచులయ్యారు. కానీ వానలు లేక, బోర్లు ఎండి, సగం తాండా నగరానికి బస్సెక్కాక ఆ నసాబ్‌ను ఎవరూ మూటకట్టుకుని తేలేదు. దేవరకొండ బస్సు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో ఆగుతుంది. మేం దిగాం, నసాబ్ దిగలేదు.

కాకా దినాలు చేసి వచ్చాక మేం చుట్టూ చూడటం మొదలుపెట్టాం. అప్పటిదాకా పాతబస్తీ అంటే మాకు కూలీ దొరికే చోటు, చార్మినార్, గాజులు, బిర్యానీ. బయటివాళ్లకైతే గొడవలు. మాకు ఇప్పుడు ఇంకొకటి కనబడింది. ఇది సంఘాల ఊరు. 1591లో చార్మినార్ కట్టిన నాటి నుంచీ ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఇక్కడ కుదురుకున్నారు. కుదురుకున్న ప్రతివాళ్లూ ముందు నలుగురిని కూడగట్టుకున్నారు.

బార్కస్ చూడండి. చాంద్రాయణగుట్ట దాటితే వస్తుంది. బ్యారక్స్ అనే మాటే బార్కస్ అయింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బుల వారసులు అక్కడ ఉంటారు. ఎన్ని తరాలు గడిచినా ఏ ఇల్లు ఏ వంశమో చెబుతారు. వాళ్ల పెళ్లిళ్లలో మర్ఫా వాయిస్తే మా కాళ్లు కూడా ఆగవు. మూసీ అవతల ఏసీ గార్డ్స్‌లో ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు ఉంటారు. నిజాం ఆఫ్రికన్ అశ్విక దళంలో పనిచేసిన వాళ్ల పిల్లలు. ఏసీ అనే రెండక్షరాల్లో వాళ్ల చరిత్ర ఉంది. అంత దూరం నుంచి వచ్చినవాళ్లు గుర్తు పెట్టుకున్నారు. నూట ఇరవై కిలోమీటర్ల నుంచి వచ్చిన మేం ఒక్క తరంలో మరిచిపోతామా అనిపించింది.

మొహర్రంలో దబీర్‌పురా బీబీకా అలావా నుంచి బీబీకా అలం ఏనుగు మీద చాదర్‌ఘాట్ దాకా వెళుతుంది. దాని వెనక అంజుమన్‌లు నడుస్తాయి. ఏ అంజుమన్ ఏ చోట నిలబడాలి, ఎవరి వంతు ఎప్పుడు, నీళ్లు ఎవరు పంచాలి, గాయాలకు కట్టు ఎవరు కట్టాలి అన్నీ ముందే అనుకుని ఉంటాయి. ఆషాఢంలో లాల్‌దర్వాజా సింహవాహిని బోనాలు. మర్నాడు హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద చార్మినార్ మీదుగా నయాపూల్ వైపు వెళుతుంది. జూపార్కు ఏనుగు రజని కొన్నేళ్లపాటు ఈ రెండు ఊరేగింపుల్లోనూ నడిచింది. అలం మోసిందీ అదే, ఘటం మోసిందీ అదే. మా పిల్లలు ఈ సంగతి విని, “ఏనుగుకు ఏ కమిటీ మెంబర్షిప్ ఉంది?” అని నవ్వారు.

బోనాల కమిటీ నుంచి మేం ఒకటి నేర్చుకున్నాం. పండుగ అయిపోయిన వారానికి గుడి గోడ మీద లెక్క అంటిస్తారు. చందా ఇంత వచ్చింది, షామియానాకు ఇంత, పూలకు ఇంత, మిగిలింది ఇంత. గల్లీలో పోయే ఎవరైనా చదవొచ్చు. మసీదు కమిటీ నుంచి రిజిస్టరు నేర్చుకున్నాం. గల్లీ ఆడవాళ్ల చిట్టీ నుంచి నెలనెలా కొంచెం కొంచెం ఎలా దాచాలో నేర్చుకున్నాం.

పాత సంగతులు కూడా కొన్ని చదివాం. భాగ్యరెడ్డి వర్మ 1888లో ఈ నగరంలోనే పుట్టారు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు, 1911లో దాన్ని మాన్య సంఘం చేశారు. అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టిన జనానికి బడులు పెట్టారు, తాగుడు మానమన్నారు, జోగిని ఆచారాన్ని ఎదిరించారు, తగువులు తీర్చుకోవడానికి పంచాయతీలు ఏర్పాటు చేశారు. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ ఆ కృషి గుర్తు. ప్రభుత్వం ఇస్తుందని కూర్చోకుండా, చేతిలో డబ్బు లేనప్పుడే ఆయన సంఘం పెట్టారు. 1990 డిసెంబరు అల్లర్లలో ఈ పాతబస్తీ ఎంత నలిగిందో పెద్దవాళ్లు చెబుతారు. ఆ తర్వాత 1990ల నడుమ చిన్న చిన్న స్వచ్ఛంద సంస్థలు కలిసి కోవా అనే సమాఖ్య అయ్యాయి. హిందూ ముస్లిం ఆడవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి కుట్టుపని, పొదుపు, పిల్లల చదువు అంటూ మాట కలిపించాయి. కాకా పోయిన రాత్రి ఖాలా మా గడప తొక్కిందంటే, అలాంటి పనులు చేసినవాళ్లు ఎందరో ముందు నడిచి ఉన్నారు.

సరే, మేం ఏం చేశామో చెబుతాం.

ఆ దసరా ముందు ఆదివారం మేడమీద పదకొండు కుటుంబాలం కూర్చున్నాం. నెలకు ఇంటికి వంద రూపాయలు. చావు వచ్చినా, ఆస్పత్రి వచ్చినా ముందు అందులోంచే. సంఘానికి పేరు ఏం పెట్టాలని రెండు గంటలు తగువు పడ్డాం. సేవాలాల్ మహరాజ్ పేరన్నారు, తాండా పేరన్నారు, కాకా పేరన్నారు. తేలలేదు. పేరు తర్వాత పెడదాం, ముందు పుస్తకం కొందాం అని కాకీ అంది. మొదటి పేజీలో ‘జిమ్మేదార్’ అనే గడి మేమే గీశాం.

కథ అక్కడి నుంచి బాగా నడిచిందని చెబితే అబద్ధం. మూడు తగువులు మమ్మల్ని దాదాపు విడగొట్టాయి.

మొదటిది డబ్బు. ఏడాది తిరగకముందే లెక్కలో నాలుగు వేలు తగ్గాయి. డబ్బు దగ్గర పెట్టుకున్నవాడు మాలోవాడే, కూతురి ఫీజు కట్టాడు. చెప్పి తీసుకుంటే ఇచ్చేవాళ్లం, చెప్పలేదు. కొందరు వాడిని కొడదామన్నారు. ఒకరు పోలీసు దగ్గరికి పోదామన్నారు. చివరికి పాత నసాబ్ పద్ధతిలోనే అందరి ముందూ ఒప్పుకోమన్నాం, నెలకింత అని కట్టించుకున్నాం. ఆ తర్వాత బోనాల కమిటీలాగే లెక్క మెట్ల గోడ మీద అంటించడం మొదలైంది. డబ్బు ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర. దొంగతనం జరిగాక పెట్టుకున్న నియమం అది. మీరు ముందే పెట్టుకోండి.

రెండోది పేర్లు. పుస్తకంలో అన్నీ మగవాళ్ల పేర్లే. నెలనెలా వంద తెచ్చిచ్చేది ఆడవాళ్లు. ఇళ్లల్లో గిన్నెలు తోమి, బట్టలు ఉతికి తెచ్చిన డబ్బు అది. ఒక యాడి రసీదు చేతిలో పెట్టుకుని అడిగింది: “పైసలు నావి, పేరు వీడిదెందుకు?” వీడు అంటే ఆమె మొగుడు. పక్కనే కూర్చున్నాడు. ఎవరికీ జవాబు లేదు. ఆ రోజు నుంచి ఎవరు కడితే వాళ్ల పేరు. ఇప్పుడు పుస్తకంలో ఆడవాళ్ల పేర్లే ఎక్కువ. తాండాలో నసాబ్‌కు ఆడవాళ్లు దూరమే, మా మేడ మీద వాళ్లు లేకుండా కూర్చోం. తాండా నుంచి అన్నీ తెచ్చుకోవాలని లేదు, కొన్ని అక్కడే వదిలేసి రావచ్చు.

మూడోదే అన్నిటికంటే గట్టిది. మా గల్లీ వెనక ఒక ఎరుకల కుటుంబం ఉంది. అవ్వ బుట్టలు, చాటలు అల్లి మీరాలం మండీ దగ్గర అమ్ముతుంది. కోడలికి కాన్పు రోజులు. ఆమె వచ్చి, మమ్మల్ని కూడా పుస్తకంలో రాసుకోండి అంది. మాలో సగం మంది వద్దన్నారు. ఇది గోర్ సంఘం, కోర్‌లను ఎలా చేర్చుకుంటాం అన్నారు. ఒక్కరిని చేర్చితే గల్లీ అంతా వస్తుంది, డబ్బు చాలదు అన్నారు. ఆ మాటలో నిజం కూడా ఉంది. నెలకు వచ్చేది పదకొండు వందలు.

అప్పుడు కాకీ అడిగింది. “శ్రావణంలో తీజ్ వస్తుంది. మన పిల్లలు గోధుమలు చల్లే బుట్టలు ఎవరి దగ్గర కొన్నాం?”

అవ్వ దగ్గరే కొన్నాం. తొమ్మిది రోజులు మా ఆడపిల్లలు ఆ బుట్టల్లో నీళ్లు పోసి మొలకలు పెంచి, పాడి, ఆడి, తొమ్మిదో రోజు నీళ్లలో కలుపుతారు. అది మా అన్నిటికంటే పెద్ద పండుగ. అందులో గోధుమ మాది, పాట మాది, బుట్ట ఎరుకల అవ్వది. కాకీ ఇంకో మాట కూడా అంది. “మీ కాకా పేరు పక్కన ఎవరి పేరు రాశారు? ఆమె గోరా?”

తెలుగులో మేము అని ఒక మాట, మనం అని ఒక మాట ఉన్నాయి. ఎదుటివాడిని బయట పెడితే మేము, లోపల కలుపుకుంటే మనం. మా గోర్ బోలిలోనూ అంతే, హమ్ ఒకటి, ఆపణ్ ఒకటి. గల్లీలో ఖాలా మాట్లాడే దక్కనీలోనూ అపన్ అంటారు. ఆపణ్, అపన్, మనం. మూడు భాషల్లోనూ ఆ మాట ఉంది, మేమే దాన్ని వాడటం మరిచాం. అవ్వ పేరు పన్నెండో పేరుగా రాశాం. నెల తిరగకముందే కోడలికి నొప్పులు వచ్చాయి. రాత్రి ఆటోకి డబ్బు పుస్తకం నుంచే వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు మా పిల్లలతో కలిసి తీజ్ ఆడుతుంది. గోర్ బోలి మా పిల్లల కంటే బాగా మాట్లాడుతుంది, అది మాకు కొంచెం సిగ్గు కూడా.

2020 అక్టోబరు 13 రాత్రి వాన గురించి పాతబస్తీలో ఎవరినడిగినా చెబుతారు. ఫలక్‌నుమా దగ్గర అల్‌జుబైల్ కాలనీ, ఛత్రినాక, పల్లె చెరువు కింది ఇళ్లు అన్నీ నీళ్లే. నాలుగు రోజులకు మళ్లీ కురిసింది, గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్‌బాబానగర్ వైపు నీళ్లు తోసుకొచ్చాయి. కింది గదుల్లో మా బియ్యం, సర్టిఫికెట్లు, మంచాలు అన్నీ మునిగాయి. పుస్తకం కూడా తడిసింది. సిరా కారి సగం పేర్లు చదవలేకపోయాం.

పేర్లు చెరిగిపోయినా మనుషులు వచ్చారు. మొదటి రెండు రోజులు మసీదు కమిటీ వండిన అన్నం తిన్నాం. మూడో రోజు నుంచి మేం వండాం. మా ఆడవాళ్లు జొన్న రొట్టెలు చేశారు, కారం నూరారు. బోనాల కమిటీ వాళ్ల పెద్ద గిన్నెల్లో పప్పు కాచాం. అల్‌జుబైల్ కాలనీ మేడల మీద చిక్కుకున్న వాళ్లకు పిల్లలు మోసుకెళ్లి ఇచ్చారు. అంతకుముందు లాక్‌డౌన్‌లోనూ మేం తీసుకునే వరసలోనే నిలబడ్డాం. ఇచ్చే వరసలో నిలబడటం ఇదే మొదటిసారి. అది మమ్మల్ని మార్చింది. ఖాలా ఒక రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని, కారం ఎక్కువైందని తిట్టి, ఇంకోటి తీసుకుంది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. మా పిల్లలను తీసుకెళ్లి చూపించాం. ఆ రాత్రి కొమ్మ మీద పక్కన కూర్చున్నది ఎవరని ఎవరూ అడిగి ఉండరని ఒక పిల్ల అంది. మేం ఆ పిల్లకు ఏమీ నేర్పలేదు, తనే అంది.

ఇప్పుడు యువతకూ, బడిపంతుళ్లకూ కొన్ని మాటలు చెబుతాం. నగరానికి వచ్చిన మన పిల్లలకు రెండు కష్టాలు ఎక్కువ. ఒకటి కుల ధ్రువీకరణ పత్రం. నగరంలో పుట్టిన పిల్లకు సొంత మండలం చుట్టూ తిరగాల్సి వచ్చి, మా గల్లీలో ఒక పిల్ల ఒక ఏడాది హాస్టల్ సీటు పోగొట్టుకుంది. అప్పటి నుంచి మా పుస్తకం వెనక పేజీల్లో ప్రతి పిల్ల పుట్టిన తేదీ, తాత ఊరు, పాత పత్రాల నంబర్లు రాసి పెడుతున్నాం. పంతుళ్లు అడ్మిషన్ల నాటికి కాకుండా ఆరో తరగతిలోనే ఈ పత్రం గురించి అడిగితే చాలామంది పిల్లల ఏడాది మిగులుతుంది.

రెండోది భాష. ఇంట్లో గోర్ బోలి, గల్లీలో దక్కనీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. నాలుగు భాషల పిల్లను తెలివైనదని అనాలి. కానీ మా పిల్లలు బడిలో తమ భాష పేరు చెప్పడానికి తల దించుకునేవాళ్లు. ఆదివారం మేడ మీద గంటసేపు కాకీ పాటలు పాడిస్తుంది, పిల్లలు తెలుగు అక్షరాల్లో రాసుకుంటారు. ఒక పంతులమ్మ ఆ నోటుపుస్తకం చూసి, తరగతిలో మిగతా పిల్లల ముందు పాడమంది. ఆ ఒక్క పని, పది మీటింగులు చేయలేని పని చేసింది.

సంఘాన్ని రిజిస్టరు చేయించాలా అని చాలామంది అడుగుతారు. 2001 సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే, ఆశయాలు, నియమాలు రాసుకుని రిజిస్టరు చేయించుకోవచ్చు. దానికి ముందు తెలంగాణ ప్రాంతంలో 1350 ఫస్లీ నాటి చట్టం ఉండేది. బ్యాంకు ఖాతాకు, ప్రభుత్వ పథకాలకు రిజిస్ట్రేషన్ పనికొస్తుంది. మేం ఇంకా చేయించలేదు, పేరు తేలలేదు మరి. కానీ ముందు ఏడుగురు నెలనెలా కూర్చోవడం అలవాటు కావాలి. కాగితం తర్వాత. కాగితం ముందు వచ్చి మనుషులు రాని సంఘాల బోర్డులు ఈ నగరంలో చాలా తుప్పు పట్టాయి.

చివరగా పోయిన చలికాలం సంగతి ఒకటి. రాత్రి పదకొండుకు తలుపు చప్పుడైంది. మసీదు కమిటీ పెద్దాయన. ఇప్పుడు ఆయనకు చూపు సరిగా లేదు, మనవడు చెయ్యి పట్టుకుని తెచ్చాడు. పక్క గల్లీలో కట్టే ఇంటి దగ్గర ఒక కుర్రాడు జ్వరంతో పడి ఉన్నాడట. జార్ఖండ్ నుంచి వచ్చాడట. మేస్త్రీ వదిలేసి పోయాడు. తమ వ్యాను ఉంది, ఆస్పత్రికి తీసుకెళతాం, కానీ వాడి వాళ్లెవరో తెలియడం లేదు, మీరొకసారి రండి అన్నాడు.

వెళ్లాం. సిమెంటు సంచుల మీద పడుకుని ఉన్నాడు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ఏ ఊరు అని అడిగితే చెప్పాడు, మాకు అర్థం కాలేదు. ఎవరు మీరు అని అడిగితే ముండా అన్నాడు. అది అర్థమైంది. అక్కడ వాళ్లూ మనలాగే షెడ్యూల్డు తెగ. గాజుల బజారులో లక్క గాజులు మెరుస్తాయి కదా, ఆ లక్క పుట్టే అడవులు అటువైపే ఎక్కువ. లక్కను ఈ ఊరు ఎరుగును, ఈ కుర్రాడిని ఎరగదు.

పెద్దాయన మనవడు రిజిస్టరు తెరిచాడు. అది కొత్తది, గడులు మాత్రం పాతవే. పేరు రాశాడు, రాష్ట్రం రాశాడు. చివరి గడి దగ్గర ఆగి మా వైపు చూశాడు. కాకీ చలిలో శాలువా కప్పుకుని మా వెనకే వచ్చింది. ఆమె ముందుకు వచ్చి తన పేరు చెప్పింది. మనవడు రాసుకున్నాడు. మేం కుర్రాడి భుజాల కింద చేతులు వేసి వ్యాను ఎక్కించాం.

అయిదో రోజు జ్వరం తగ్గింది. ఇప్పుడు నెలకు వంద కడుతున్నాడు. పుస్తకంలో వాడిది ముప్పై నాలుగో పేరు. సంఘానికి పేరు మాత్రం ఇంకా పెట్టలేదు. వచ్చే తీజ్ నాటికి పెడదామని అనుకుంటున్నాం.